శాలిహుండం కొండపై ఒక దినము

(పాఠశాల వార్షికోత్సవ సందర్భమున జరిగిన తలిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయులు గావించిన ప్రసంగ పాఠము)



ప్రతి సంవత్సరము ఈ వేదికపై నిలిచి, ఎందఱు పరీక్షకు కూర్చుండిరి, ఎందఱు ఉత్తీర్ణులైరి, ఏ గదికి కప్పు వేయించితిమి, ఏ గదికి ఇంకను వేయింపవలసియున్నది అను లెక్కలు చదువుట నాకు వాడుక. ఆ లెక్కలన్నియు నివేదికలో నున్నవి, తీరికగా చూడగలరు. ఈ దినము వానిని ప్రక్కనుంచి, గడచిన కార్తికమాసములో మా కుటుంబము చేసిన ఒక దినపు ప్రయాణమును గూర్చి చెప్పదలచితిని. ఇది విహారయాత్రా వృత్తాంతమువలె మొదలగును గాని, నా తప్పొకటి మీయెదుట ఒప్పుకొనక ముగియదు. గాన కొంచెము ఓపికతో వినవలెనని ప్రార్థన.

మా తల్లిగారికి ఎనుబది సంవత్సరములు. ఆమె పుట్టిల్లు వంశధార యొడ్డున నొక పల్లె. చిన్ననాట కార్తిక వనభోజనములకు బండ్లు కట్టుకొని శాలిహుండం కొండకు పోయిన సంగతి ఆమె ఏటేట చెప్పుచుండును. "ఓపాలి ఆ కొండ చూపించరా" అని అడుగుచునే యుండెను. నేను సరేయనుచునే యుంటిని. బడి పనియని కొన్నియేండ్లు, పరీక్షలని కొన్నియేండ్లు గడచిపోయెను. ఈ యేడు మా పెద్దవాడు భువనేశ్వరమునుండి భార్యతోను, తొమ్మిదేండ్ల కూతురితోను సెలవుకు వచ్చియుండుటచే, ఆదివారమునాడు ప్రయాణము కుదిరినది.

తెల్లవారుజామున నా భార్యయు కోడలును లేచి పులిహోర కలిపి, పెరుగన్నము గిన్నెకెత్తి, చేగోడీల డబ్బా, మంచినీళ్ల బిందె సర్దిరి. కారు అద్దెకు తెచ్చిన కుఱ్ఱవాడు మన యూరివాడే. మాతృభాష ఒడియా. మనతో మాటలాడునప్పుడు తెలుగు మాటలాడును. పర్లాకిమిడిలో నిది వింతగాదు. మన పిల్లలు ఒడియా మాటలాడుదురు, వారి పిల్లలు తెలుగు మాటలాడుదురు. అంగడివీథిలో ఒకే వాక్యము ఒక భాషలో మొదలై రెండవ భాషలో ముగియుట మీరందఱు వినుచున్నదే.

ఊరు దాటి రెండు మూడు కిలోమీటర్లు పోవునంతలో పాతపట్నము వచ్చును. అక్కడ నీలమణి దుర్గమ్మకు కారులోనుండియే నమస్కరించితిమి. మన రాష్ట్రము ముగిసి ఆంధ్రప్రదేశము మొదలైనదని మనుమరాలికి చెప్పగా, ఆమె కిటికీలోనుండి తొంగిచూచి, "గీత ఎక్కడ తాతా?" అని యడిగెను. గీత నేలమీద లేదమ్మా, కాగితముమీద నున్నదని చెప్పితిని. నరసన్నపేట మీదుగా పోయి, మడపామువద్ద వంశధార వంతెన దాటి, శ్రీకాకుళము చేరి, అక్కడినుండి కళింగపట్నము వైపు మఱి కొంత దూరము పోవలెను. ఈ వంశధార ఒడిశా కొండలలో పుట్టి, గుణుపురము ప్రక్కగా ప్రవహించి, మన యూరి మహేంద్రతనయను తనలో కలుపుకొని, కళింగపట్నమువద్ద సముద్రమున కలియుచున్నది. మన యూరి నీరును మా తల్లిగారి పుట్టింటి నీరును ఒక్కటేయని ఆమె దారి పొడుగున చెప్పుచునే యుండెను.

శాలిహుండం కొండ మిక్కిలి యెత్తైనది గాదు. కాని దానిమీద నిలిచి చూచిన వానికి ఆ చోటును ఎవరు ఎందుకు ఎన్నుకొనిరో వెంటనే బోధపడును. క్రింద వంశధార వంకలు తిరిగి పోవుచుండును. చుట్టును వరిచేలు. దూరమున సముద్రము. శాలి యనగా వరిధాన్యము గదా, ధాన్యము నిండిన పెట్టెవంటి చోటు గనుక ఈ పేరు వచ్చినదని అక్కడివారు చెప్పుదురు. ఈ కొండపై బౌద్ధ భిక్షువుల ఆరామముండెను. క్రీస్తుకు పూర్వము రెండవ శతాబ్దము మొదలుకొని క్రీస్తు తరువాత పండ్రెండవ శతాబ్దము వఱకు గల చిహ్నములు అక్కడ దొరకినవని పురావస్తు శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. అనగా వేయి సంవత్సరములకు పైబడిన కాలము.

రాతి పలకలు పఱచిన మెట్లదారి కొండపైకి పోవును. దారికి ఇరుప్రక్కల ఇటుకలతో కట్టిన గుండ్రని స్తూపముల పునాదులు, వెనుకభాగము అర్ధచంద్రాకారముగా నుండు చైత్యగృహములు కనబడును. శిఖరమున మహాస్తూపము. త్రవ్వకములలో స్తూపగర్భమునుండి రాతి బరణెలు, వానిలో స్ఫటికపు బరణెలు, బంగారు పూవులు బయలుపడినవి. తారాదేవి, మారీచి మొదలగు దేవతల ప్రతిమలును దొరకినవి. తొలినాటి భిక్షువులు బుద్ధుని ప్రతిమనైనను ఎఱుగరు. స్తూపమునకు ప్రదక్షిణము చేసి మ్రొక్కిరి. తరువాతివారు మహాయానమును, ఆ తరువాతివారు వజ్రయానమును అవలంబించి ప్రతిమలను నిలిపిరి. ఒకే కొండమీద బౌద్ధమతము యొక్క మూడు దశలు మెట్లు మెట్లుగా కనబడుచున్నవి.

భిక్షువులు కొండనెక్కినను ఊరిని విడువలేదు. వారు వంట చేసికొనరు. ప్రొద్దుటిపూట పాత్ర చేతబట్టి క్రిందికి దిగి, గృహస్థుల వాకిట నిలిచి, పెట్టినది తెచ్చుకొని మధ్యాహ్నము లోపల భుజింపవలెను. కాబట్టి ఆరామము ఊరికి మరీ దగ్గఱగాను ఉండరాదు, మరీ దూరముగాను ఉండరాదు. వానకాలము మూడు నెలలు మాత్రము తిరుగుట మాని ఒకచోట నిలిచియుందురు. ప్రక్కనే కళింగపట్నపు రేవు. ఓడ వర్తకుల దానములును అందుబాటులో నుండెను. ఊరు పెట్టినన్నాళ్లు ఆరామము నిలిచినది. ఈ మాట జ్ఞాపకముంచుకొనుడు, మరల దీనికి వత్తును.

మా తల్లిగారు మెట్లెక్కలేకపోయిరి. క్రింద చెట్టునీడను చాపవేసి కూర్చుండబెట్టితిమి. మనుమరాలు తాతమ్మకు తోడుగా నుండెదనన్నది. కారు నడపు కుఱ్ఱవాడు అక్కడనే యుండెను. నేను, నా భార్య, కొడుకు, కోడలు పైకెక్కితిమి.

పైన మహాస్తూపము ప్రక్కను నిలిచి నేను నా కొడుకునకు పెద్ద ఉపన్యాసమే యిచ్చితిని. ముప్పది యేండ్లు పాఠము చెప్పిన నోరు ఊరకుండదు. ఈ స్థలము లోకమునకు తెలిసినది 1919లో. దీనిని గుర్తించినవారు పురావస్తుశాఖ యధికారులు గారు, ఒక బడిపంతులు. మన పర్లాకిమిడి పంతులు. ఆయన గిడుగు వేంకట రామమూర్తిగారు.

ఆయన పేరు విననివారు ఈ సభలో లేరు. 1863వ సంవత్సరము ఆగస్టు 29వ తేదీన శ్రీకాకుళపు ప్రాంతమున పర్వతాలపేటలో జన్మించిరి. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులైరి. శ్రీముఖలింగము దేవాలయములోని శాసనములను చదువవలెనను కోరికతో, చెప్పువారు లేకయే, ప్రాచీన లిపులను తామే నేర్చుకొనిరి. మన కొండలలోని సవరల భాషను నేర్చి, సొంత ధనము వెచ్చించి వారికి బడులు పెట్టిరి. ఆ భాషకు ఆయన వ్రాసిన వ్యాకరణము 1931లో అచ్చుపడినది. పుస్తకములలోని తెలుగు జనుల నోటి తెలుగునకు దగ్గఱ కావలెనని జీవితాంతము పోరాడిరి. 1936లో ఒరిస్సా రాష్ట్రమేర్పడి పర్లాకిమిడి అందులో చేరినప్పుడు, ఆయన ఈ యూరు విడిచి రాజమహేంద్రవరమునకు తరలిపోయిరి. 1940 జనవరి 22న పరమపదించిరి. ఆయన జన్మదినమును నేడు మనము తెలుగు భాషా దినోత్సవముగా జరుపుకొనుచున్నాము.

ఇదంతయు చెప్పి, "ఆయన వెళ్లిపోయెను. మన తాతలు ఉండిపోయిరి. ఉండిపోయినవారికి భాష నిలుపుకొను పని యెక్కువ" అని కూడ అంటిని. నా కొడుకు వినయముగా వినుచుండెను. కోడలు మాత్రము చిరునవ్వు నవ్వెను. ఆ నవ్వునకు అర్థము నాకు అప్పుడు తెలియలేదు.

క్రిందికి దిగివచ్చు వేళకు చెట్టునీడ మారినది. పురావస్తుశాఖవారి ఫలకముయొద్ద మా తల్లిగారు చేతికఱ్ఱ ఆనుకొని నిలువబడియున్నారు. ప్రక్కను కారు కుఱ్ఱవాడు వ్రేలితో ఒక్కొక్క అక్షరము చూపుచు, కూడబలుకుకొని, తెలుగు చదువుచున్నాడు. మనుమరాలు రెండడుగుల దూరమున నిలిచి, చెప్పుకొన కడ్డితో నేలమీద గీతలు గీయుచున్నది.

జరిగిన సంగతి మా తల్లిగారే చెప్పిరి. ఆమెకు కంటిచూపు మందగించినది. పెండ్లికి పూర్వము నాలుగవ తరగతి వఱకు చదివిన తల్లి. ఇంటికి వచ్చిన పొట్లపు కాగితమునైనను చదువక పాఱవేయని తల్లి. ఆ ఫలకము కనబడగానే, "ఏటి రాసుందమ్మా అక్కడ? నా కళ్లకి ఆనడం లేదు, ఓపాలి చదివి చెప్పు" అని మునిమనుమరాలి నడిగిరి. పిల్ల ప్రక్కనున్న ఇంగ్లీషు ఫలకమును గడగడ చదివినది. "అది కాదమ్మా, తెలుగుది చదువు" అనిరి. "నాకు ఆ అక్షరాలు రావు తాతమ్మా" అని పిల్ల తల వంచుకొనినది. అప్పుడు ఆ కుఱ్ఱవాడు వచ్చి, "నేను చదువుతానమ్మా, బస్సు బోర్డులు చూసి నేర్చుకున్నాను" అని మొదలుపెట్టినాడు. సరిహద్దు దాటి బాడుగలకు పోవువాడు గనుక, ఊళ్ల పేర్లు చదువుట అతనికి అన్నము పెట్టు విద్య. అవసరము వచ్చినది, నేర్చుకొన్నాడు.

మా తల్లిగారు నన్ను ఒక్కమాట యడిగిరి. "ఊరందరి పిల్లలకీ చెప్పావు గదరా, ఈ పిల్లకెందుకు చెప్పలేదు?"

నాకు సమాధానము లేదు. ఒడియా మాతృభాషగా గలవాడు తెలుగు చదువుచుండగా, తెలుగు బడి ప్రధానోపాధ్యాయుని మనుమరాలు నేల చూచుచుండెను. పైన నేను గిడుగువారిని గూర్చి ఉపన్యాసమిచ్చుచున్న ఆ నిమిషముననే క్రింద ఇది జరిగినది.

పులిహోర చాలా బాగున్నదని అందఱనిరి. నాకు రుచి తెలియలేదు.

తలిదండ్రులారా, గడచిన జూనులో మీలో ఒకరు తమ బిడ్డకు బదిలీ పత్రము కోరి నా గదికి వచ్చిరి. పిల్లను ఇంగ్లీషు బడిలో చేర్పించెదమనిరి. నేను అరగంటసేపు మాతృభాష యొక్క గొప్పతనము బోధించితిని. వారు అంతయు విని, ఎంతో మర్యాదగా, "మాస్టారూ, తమ మనుమరాలు ఏ బడిలో చదువుతోందండీ?" అని యడిగిరి. నేను మాట మార్చి పత్రముపై సంతకము చేసితిని. ఆ పెద్దమనిషికి ఆనాడు ఇయ్యని సమాధానమును ఈనాడు మీయందఱి యెదుట ఇచ్చుచున్నాను. నా మనుమరాలు భువనేశ్వరములో ఇంగ్లీషు బడిలో చదువుచున్నది. రెండవ భాష ఒడియా. అందులో తప్పులేదు. తండ్రి యుద్యోగము అక్కడ. ఆ బడిలో తెలుగు లేదు. కాని ప్రతి సెలవునకు మా యింటికి వచ్చి నా ప్రక్కను పండుకొని కథలు చెప్పించుకొన్న పిల్లకు ఒక్క సెలవులోనైనను ఓనమాలు దిద్దింపకపోవుట ఏ బడి తప్పును గాదు, ఏ ప్రభుత్వము తప్పును గాదు. అది నాది.

కొండ మరల జ్ఞాపకము వచ్చుచున్నది. అశోకుని కాలపు బ్రాహ్మీ లిపిని మన ప్రాంతమున ఎందఱో చూచియుందురు. గంజాం జిల్లాలో జౌగడవద్ద ఆ చక్రవర్తి శాసనము రాతిపై నేటికిని ఉన్నది. ఆ అక్షరములు చెడిపోలేదు. కాని శతాబ్దములపాటు వానిని చదువగల మానవుడు ఈ దేశమున లేకుండెను. 1837లో జేమ్సు ప్రిన్సెపు అను పండితుడు ఆ లిపి రహస్యము ఛేదించువఱకు అవి రాతిమీది గీతలు మాత్రమే. రాయి పగులలేదు, అక్షరము మాయలేదు. ఏదో ఒక తరము తన తరువాతి తరమునకు నేర్పుట మానినది. ఎవరును పగబట్టి మానియుండరు. వారికిని పనులుండును, పరీక్షలుండును. వచ్చే సెలవులలో చూచుకొందమని యుందురు.

ఇందుచేత మన పిల్లలు ఇంగ్లీషు నేర్వరాదనియు, ఒడియా నేర్వరాదనియు నేను చెప్పుటలేదు. ఒడియా ఈ రాష్ట్రపు భాష. మన యిరుగుపొరుగుల భాష. మన అన్నము ఈ నేలది. గిడుగువారు తమ తెలుగును ప్రేమించుచు సవరభాషను నేర్చిరి గాని, ఒకదానికై మఱియొకదానిని ద్వేషింపలేదు. బౌద్ధుల వినయపిటకములో ఒక కథ యున్నది. బుద్ధుని వచనములను ఛందస్సులోనికి మార్చెదమని ఇద్దఱు భిక్షువులు అనుమతి వేడిరి. ఆయన ఒప్పుకొనక, ధర్మమును స్వీయభాషలో నేర్వవచ్చునని యనుజ్ఞ యిచ్చెను. స్వీయభాష యనగా బుద్ధుని భాషయని కొందఱును, నేర్చువాని భాషయని కొందఱును అర్థము చెప్పుదురు. రెండవ అర్థమే నా మనస్సునకు ఎక్కువ నచ్చినది, పంతులును గదా.

మన హక్కులను గూర్చి మన సంఘము వారు ఈ వేదికపై పలుమారులు చెప్పియున్నారు. రాజ్యాంగములోని 30వ అధికరణము మనకు విద్యాసంస్థలు స్థాపించుకొను హక్కు నిచ్చినది. 1956లో చేర్చిన 350-ఎ అధికరణము, అల్పసంఖ్యాక భాషీయుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు వసతులు కల్పింప యత్నింపవలెనని రాష్ట్రములను ఆదేశించినది. ఆ హక్కులకై పాటుపడిన పెద్దలకు నమస్కరించెదను. కాని అధికరణము బడి తలుపు తెఱువగలదు. మన యింటిలోనికి వచ్చి పిల్లవాని ప్రక్కను కూర్చుండి పలక పట్టింపలేదు. ఊరు పెట్టినన్నాళ్లే ఆరామము నిలిచినదని యిందాక చెప్పితిని. బడియును అట్టిదే. ఇంటిలో తెలుగు పుస్తకము తెఱువబడనిచో, మా ఉపాధ్యాయులు ఎంత చెప్పినను అది పరీక్షాపత్రముతోనే ముగియును.

ఇక తరువాత జరిగినది చెప్పి విరమించెదను. సంక్రాంతికి పిల్ల మరల వచ్చినది. పండ్రెండు దినములుండెను. ప్రతి దినము ఉదయము నేను, నా తల్లి, ఆ పిల్ల వసారాలో కూర్చుంటిమి. నేను బెత్తము పట్టలేదు, వ్యాకరణ మెత్తలేదు. ఒక విషయము గమనించితిని. పిల్లకు ఒడియా అక్షరములు వచ్చును గనుక, వరుస క్రొత్తగా చెప్పవలసిన పని లేకపోయెను. క, ఖ, గ, ఘ అక్కడను అవియే, ఇక్కడను అవియే. రూపము మాత్రమే వేఱు. ఒడియా ఆమెకు అడ్డు రాకపోగా చేయిపట్టి నడిపించినది. ఊరికి వెళ్లిన పిదపను రాత్రి భోజనమైన తరువాత ఫోనులో పది నిమిషములు చదివించుచుంటిమి. ఆ పది నిమిషములకు మా కోడలే గడియారము చూచి పిలుచుచుండును. కొండమీద ఆమె నవ్విన నవ్వునకు అర్థము అప్పుడు తెలిసినది. ఎప్పటినుండియో ఆమె దీనికై ఎదురుచూచుచుండెనట. మామగారితో చెప్పుటకు జంకినదట.

గడచిన వారము మా తల్లిగారి పేర ఒక ఉత్తరము వచ్చినది. అయిదు పంక్తులు. "తాతమ్మా, నేను బాగున్నాను. నీ కాళ్లు నొప్పి తగ్గాయా. వేసంగి సెలవులకి వస్తాను. మళ్లీ కొండకి వెళ్దాం. ఈసారి బోర్డు నేను చదువుతాను." అయిదు పంక్తులలో ఏడు తప్పులున్నవి, పైన మీకు సరిచేసి చదివితిని. ఒత్తులు కొన్ని లేవు. దీర్ఘములు కొన్ని ఎక్కువ. వ్రాత యంతయు నోటి మాటయే. నా చేయి అలవాటుచొప్పున జేబులోని ఎఱ్ఱసిరా కలముపైకి పోయినది. మా తల్లిగారు ఉత్తరమును నా చేతినుండి లాగుకొని, "నువ్వు దిద్దకు" అని, మడిచి తలగడ క్రింద పెట్టుకొనిరి. గిడుగువారుండిన ఆమె పక్షమే వహించియుందురు.

మీకు నా మనవి చిన్నది. రాత్రి పది నిమిషములు. పిల్ల ఏ బడిలో చదివినను సరే, మన బడి పిల్లయైనను, విడిచిపోయిన పిల్లయైనను సరే. పంచాంగమో, కథల పుస్తకమో, పెండ్లి శుభలేఖయో, ఏదైనను తెలుగులో నున్నదానిని ఇంటిలోని పెద్దవారికి చదివి వినిపింపుమనుడు. మీలో ఎవరికైనను అక్షరములు రానిచో, సిగ్గుపడక పిల్లలవద్ద నేర్చుకొనుడు. ఆదివారము ఉదయము రెండు గంటలు మన బడి తలుపులు తెఱచియుండును. ఇతర బడులకు పోవు పిల్లలకు ఓనమాలు నేనే చెప్పెదను, రుసుము లేదు. జూనులో బదిలీ పత్రము తీసికొనిపోయిన ఆ పెద్దమనిషి ఈ సభలో నున్నచో, వారి బిడ్డను మొట్టమొదట పంపవలెనని కోరుచున్నాను.

రాబోవు కార్తికములో మన బడి వనభోజనము శాలిహుండం కొండయొద్ద జరుపుటకు ఉపాధ్యాయులతో ఆలోచించితిని. తలిదండ్రులును, తాతమ్మలును రావచ్చును. పులిహోర ఎవరిది వారు తెచ్చుకొనవలెను. ఫలకము చదువువారు మాత్రము పిల్లలే.